నిద్రలో పాడినవాడు

పాత రాక్ రికార్డులు అమ్ముతానని ఒకావిడ ఫోన్ చేస్తే వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ ఒక పెద్ద రికార్డు తీసి ప్లేయర్ మీద పెట్టి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే స్పీడు మీటను ముప్పై మూడు నుంచి నలభై ఐదుకు జరిపింది. అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు.

పాతికేళ్ళ క్రితం ఆ రికార్డును పత్రికలో సమీక్షించింది నేనే. పెద్ద రికార్డులు మామూలుగా ముప్పై మూడులోనే తిరుగుతాయి కదా అని, అలవాటుగా అందులోనే తిప్పాను; పాట సాగుతూ, ఈడుస్తూ వినిపించింది. "ఈ గాయకుడు నిద్రలో పాడాడు" అని రాశాను. ఆ మాట చెప్పుకుని జనం నవ్వారు. అతను మళ్ళీ పాడలేదు.

ముల్లు దిగింది. పాట నిప్పులు చెరిగింది.

"మా అన్నయ్య పాటే" అంది ఆవిడ, నా ముఖంలోకే చూస్తూ. "అందుకే మిమ్మల్ని పిలిచాను."

ఇక దాచి లాభం లేదు. "తప్పు స్పీడులో విన్నానండీ" అన్నాను.

"తెలుసు. మీరు రాసింది చదివిన రోజే తెలిసింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

ఆవిడ రికార్డు అట్ట నా చేతిలో పెట్టింది. తిప్పి తిప్పి చూశాను. స్పీడెంతో ఎక్కడా లేదు.

"అట్టా, లేబులూ అచ్చు వేయించింది నేనే. ఆ అంకె మరిచిపోయాను." గొంతు తగ్గించింది. "అన్నయ్య పక్కగదిలో ఉన్నాడు. మీ తప్పు మీరు చెప్పండి. అట్ట సంగతి మాత్రం ఎత్తకండి."

అప్పుడే గోడ అవతల నుంచి ఎవరో పాటతో గొంతు కలిపారు. ఆ గొంతులో నిద్ర లేదు.