యాసకు అదనపు ధర

గోడమీది వైద్యయంత్రం ఇప్పుడు లేని ఇల్లు లేదు. రోగి తన నోటితో బాధ చెప్పుకుంటేనే అది అంబులెన్సును పిలుస్తుంది. యాసలు కూడా అర్థమయ్యే ప్రీమియం రకం దండగనుకుని, పైడిరాజు చవక రకమే బిగించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అతని భార్య నూకరత్నం వంటగదిలో కూలబడింది.

"గుండి పట్టేసినాది," అంది యంత్రంతో.

"చొక్కా గుండీలు చూపించమంటారా?" అని అడిగింది యంత్రం, ఎంతో మర్యాదగా.

"గుండీ కాదు, గుండె," అన్నాడు పైడిరాజు, పరుగున వచ్చి.

"దయచేసి రోగిని మాట్లాడనివ్వండి."

"గుండె అనవే రత్నం, నీకు దండమెడతాను."

"అదే కదేటి నానంతన్నాది," అందామె, ఒళ్లంతా చెమటలు కారుతుండగా. "గుండి."

"ప్రీమియంకు మారితే మీ యాస అర్థమవుతుంది. రోగి అంగీకారం కావాలి."

"ఊ," అంది రత్నం.

"దయచేసి 'అవును' అనండి."

పెళ్లయిన ఇన్నేళ్లలో దేనికైనా "ఊ" అనడమే తప్ప మరో మాట ఎరగని మనిషి, మొగుడి చేయి గట్టిగా పట్టుకుని, ఊపిరంతా కూడదీసుకుని, "అ...వు...ను" అంది.

యంత్రం గొంతు మారిపోయింది. "వచ్చేత్తన్నాం తల్లీ. బెంగెట్టుకోకు."

కొనుక్కున్న ఆప్యాయతే. అయినా ఆమె ముఖం కాస్త తేటపడింది. అతని చేయి వదలకుండానే గోడకేసి చూసి, "బేగి రా నాయనా," అంది.