సత్తెమ్మ గిల్లుడు

"దుప్పటి తియ్యి బాపూ. ఎడమ చెయ్యి సూస్త."

"వద్దు సార్. చెయ్యి మంచిగనే ఉన్నది."

మంచం మీది మల్లన్న దుప్పటిని కుడిచేత్తో బిగించి పట్టుకున్నాడు. పక్షవాతం వచ్చి వార్డులో చేరినప్పటి నుంచీ ఎడమచెయ్యి ఎటూ మాట వినడం లేదు. కుడిచెయ్యి మాత్రం సంతోష్‌నగర్‌లో బర్రెల పలుపులు లాగి లాగి గట్టిపడిన చెయ్యి. కుర్ర డాక్టరు కృపాకర్ గుంజితే వదిలే రకం కాదు. చివరికి భార్య కళావతి "సూపియ్యవయ్యా, సార్ ఏమన్న ఎత్తుకపోతడా?" అని కసిరితే వదిలాడు.

ఎడమ మోచేతి పైన నల్లగా, నీలంగా మచ్చలు. రెండు వేళ్లతో పట్టి నులిమినట్టున్నాయి. డాక్టరు ముఖంలో నవ్వు పోయింది.

"ఇవెట్ల అయినయి?"

మల్లన్న గొంతు తగ్గించాడు. "అమ్మ గిల్లుతున్నది సార్."

"ఏ అమ్మ?"

"మా అమ్మ, సత్తెమ్మ. సచ్చిపోయి శానా ఏండ్లయింది. పాలు పిండే యాల్లకు నన్ను గిల్లే లేపేది. ఇప్పుడు గూడ తెల్లారకముందే వస్తున్నది. సుర్రుమంటది, కండ్లు తెరిస్తే ఎవ్వరుండరు. నన్ను తీస్కపోనీకి వస్తున్నది సార్."

కన్నతల్లే కావచ్చు. చచ్చిన తల్లి పిలిస్తే పోవడానికి ఎవరికి ప్రాణం ఒప్పుతుంది?

కృపాకర్ దయ్యాల జోలికి పోలేదు. ఫోన్ తీసి వయసు, బీపీ, కిడ్నీలు, తాగుడు అంటూ తనలో తను గొణుక్కుంటూ ఏవో నొక్కాడు.

"ఏం సూస్తున్నవ్ సార్?" అంది కళావతి.

"రక్తం పలచబడనీకి గోళీ ఇస్తున్నం గదమ్మా. దాంతోని లోపల రక్తం కారే ఖత్రా ఎంతున్నదో లెక్క కడుతున్న. నిన్న శానా తక్కువుండె. ఈ మచ్చలు కలిపితే మస్తు పెరిగింది. గోళీ ఆపాలె."

"ఆపితే?"

"మల్ల రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. ఈసారి వస్తే మనిషి దక్కుడు కష్టం. కానీ ఈ మచ్చలు గోళీతోనే వచ్చినయంటే, ఇంకొక్కటి ఇచ్చినా ఖత్రానే."

మల్లన్నకు ఆ లెక్క అర్థం కాలేదు. అమ్మ ఏ దారిన వచ్చినా తనను వదిలిపెట్టేట్టు లేదని మాత్రం అర్థమైంది. భయంతో కళ్లు మూసుకున్నాడు.

డాక్టరు కేస్ షీట్ అందుకుని పెన్ను తీశాడు. అంతే, కళావతి భోరుమంది.

"ఆపకు సార్! గిల్లేది మా అత్త గాదు, నేను!"

మల్లన్న కళ్లు తెరిచాడు.

"నువ్వే చెప్పినవ్ గద సార్, లోపల రక్తం కారితే పైకి తెల్వదు, కనిపెట్టుకోని ఉండుమని. గప్పటిసంది నాకు కన్ను అంటుకుంటలేదు. ఈయన ఊపిరి సప్పుడు ఇనరాకుంటే నా పానం ఆగది. గిల్లి సూస్త. ఉలిక్కిపడితే, ఉన్నడులే అని గప్పుడు నడుం వాలుస్త."

మల్లన్న నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి.

"ఓసి పిచ్చిదానా! నీతోని మా అమ్మను బద్నాం చేస్తి గదనే!"

కృపాకర్‌కూ నవ్వాగలేదు. ఫోన్‌లో మచ్చల లెక్క తీసేశాడు. ఖత్రా మళ్లీ నిన్నటిలాగే తక్కువ చూపించింది. షీట్ మీద ఏదో రాసి, నర్సును పిలిచి, గోళీ తన ఎదురుగానే మింగించాడు. మల్లన్న చాలా రోజుల తర్వాత ధైర్యంగా మింగి, గ్లాసెడు నీళ్లూ తాగాడు.

"ఇంక గిల్లకమ్మా. ఈ చెయ్యి సూడు, ఎట్ల కమిలిపోయిందో."

కళావతి కొంగుతో ముఖం తుడుచుకుంటూ అయోమయంగా చూసింది.

"ఈ చెయ్యి నేనెందుకు గిల్లుత సార్? సచ్చువడ్డ చేతికి ఏం తెలుస్తది? నేను గిల్లేది కుడి చెయ్యి."