నత్తమ్మ హాజరు

చెరువుగట్టు సేవాసంఘానికి కప్ప కార్యదర్శి. ప్రతి ఆదివారం రాయెక్కి, ముందు హాజరు తీసుకుని, తర్వాత రాబోయే పనులేంటో చెప్పేది. వరసగా మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేయాలని సంఘం రూలు.

"నత్తమ్మ ఇవాళ కూడా రాలేదు. ఇది మూడోసారి," అంది కప్ప దిగులుగా.

"కొట్టేయ్ మరి! ఆవిడ వచ్చేసరికి మనం ముసలాళ్లమైపోతాం," అంది ఎండ్రకాయ. అందరూ నవ్వారు.

కప్పకి మనసొప్పలేదు. ఒకసారి కనుక్కుందామని గెంతుకుంటూ వెళ్తే, దారిలో నత్తమ్మ కనిపించింది.

"ఎక్కడికి పిన్నీ?"

"గట్టు శుభ్రం చేద్దామన్నావుగా నాయనా, అక్కడికే."

"అదైపోయి రెండు వారాలైంది పిన్నీ!"

నత్తమ్మ మొహం చిన్నబోయింది. "అయితే నా పేరు తీసేస్తారేమో. సరేలే. కానీ ఈ వార్త మాత్రం అందరికీ చెప్పు. ఈ గుంటలో చేపపిల్లలు చిక్కుకుపోయాయి. నీళ్లు సగానికి ఇంకిపోయాయి. పొద్దుట్నుంచీ దీని పక్కనే నడుస్తున్నాగా, చూస్తూనే ఉన్నా."

కప్ప సిగ్గుపడింది. ఇప్పుడే ఆ గుంట మీంచి గెంతి వచ్చింది మరి.

కాసేపట్లో సంఘమంతా పరిగెత్తుకొచ్చింది. ఎండ్రకాయ గుంట నుంచి చెరువు దాకా చిన్న కాలవ తవ్వింది. నత్తమ్మ "భయపడకండమ్మా" అంటుంటే చేపపిల్లలు ఒక్కొక్కటే చెరువులోకి జారుకున్నాయి.

పనైపోగానే, ఈ పనికి వచ్చినవాళ్ల పేర్లు రాసుకుందామని కప్ప మళ్లీ హాజరు మొదలుపెట్టబోయింది.

"ఆగు," అంది ఎండ్రకాయ, ఒంటిమీద బురద దులుపుకుంటూ. "ముందు నత్తమ్మ పేరు రాయి. మనందరికంటే ముందొచ్చింది ఆవిడే."