గుప్పెడంటే ఎంత?

ఆ అబద్ధం కౌసర్ నోటి నుంచి తేలిగ్గానే వచ్చేసింది.

"మా చెల్లెలి కూతురికి నిఖా కుదిరింది పెద్దమ్మా. దానికి మనింటి వంటలన్నీ రాసిద్దామనుకుంటున్నా. నువ్వు చెప్పు, నేను రాస్తా."

పొయ్యి ముందు నిలబడ్డ వంటమనిషి చాంద్‌బీ గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. ఆమె ముఖం విప్పారింది.

"ఇన్నాళ్లకు అడిగావా తల్లీ! రాసుకో, రాసుకో."

ఆ సంబరం చూసి కౌసర్ తల దించుకుంది. చెల్లెలి కూతురికి పట్టుమని పదేళ్లు లేవు. వంటలు నేర్చుకోవాల్సింది తనే. నేర్చుకున్నాక చాంద్‌బీని మాన్పించెయ్యాలి.

ఆ ఏడు మిర్చి ధర ఒక్కసారిగా పడిపోయింది. గుంటూరు యార్డు దగ్గర చిన్న దుకాణం నడిపే ఆమె భర్త మాలిక్, ధర పెరుగుతుందని కొని దాచిన బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయాయి. ముచ్చటపడి కొన్న సెల్‌ఫోను ముందు పోయింది, తర్వాత స్కూటరు. మాలిక్ మాత్రం నోరు విప్పడు. అడిగితే "అదే సర్దుకుంటుందిలే" అంటాడు. ఇక ఇంట్లో తగ్గించగలిగింది వంటమనిషి ఖర్చొక్కటేనని కౌసర్ తనకు తానే తేల్చుకుంది.

మాలిక్ తల్లి మంచాన పడ్డప్పుడు చాంద్‌బీ ఆ ఇంట్లో అడుగుపెట్టింది. కౌసర్ కోడలిగా వచ్చేసరికే వంటిల్లు ఆమెది. ఈ పన్నెండేళ్లలో కౌసర్ టీ తప్ప మరొకటి కాచిన పాపాన పోలేదు. జీతం సంగతి కూడా ఆమెకు పట్టేది కాదు. నెల నెలా మాలికే దుకాణం దగ్గర ఇచ్చేవాడు.

ఎరువుల కంపెనీవాళ్లు ఎప్పుడో ఇచ్చిన డైరీ ఒకటి వెతికి తీసింది. పప్పులు ముందు, పులుసులు మధ్యలో, పచ్చళ్లు వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టింది.

చాంద్‌బీ చెప్పేవన్నీ చవక వంటలే.

"బిర్యానీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది రాసుకో. కందిపప్పు సగం తగ్గించి సొరకాయ ముక్కలెయ్యి, ఒదుగుతుంది. కొత్తపట్నం ఎండు నెత్తళ్ల చేపలు నాలుగు వేయించి వంకాయలో పడేస్తే పిల్లలు మాంసం ఊసెత్తరు. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకు, పులుసులోకి పనికొస్తాయి."

"గోంగూరలోకి పచ్చిమిరపకాయలెన్ని?"

"గుప్పెడు."

"గుప్పెడంటే ఎంత పెద్దమ్మా? ఎవరి గుప్పెడు?"

"నీ గుప్పెడే. వండేది నువ్వేగా!"

కౌసర్ పెన్ను ఆగిపోయింది. చాంద్‌బీ కూడా ఒక్క క్షణం తడబడింది. "అదే, రాసేది నువ్వేగా అంటున్నా" అని పొయ్యి వైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు నడుం పట్టేసిందని కౌసర్ చేత తాలింపు పెట్టించింది. ఇంకోరోజు కళ్లు సరిగ్గా ఆనడం లేదని ఉప్పు వెయ్యమంది. మొదటి పప్పు అడుగంటింది. రెండోది నీళ్లయింది. మూడోది పిల్లలిద్దరూ మారు వడ్డించుకుని తిన్నారు.

రెండు నెలలు తిరిగేసరికి డైరీ నిండింది. వారానికి సరిపడా వంటలు కౌసర్ ముందే రాసుకోగలుగుతోంది. సోమవారం పప్పు చేస్తే, అందులో తీసిపెట్టిన కట్టుతో మంగళవారం చారు. కోడిగుడ్ల పులుసు శుక్రవారం ఒక్కరోజే. కాగితం మీద లెక్క కుదిరిన కొద్దీ ఆమె గుండెలో బరువు పెరిగిపోతోంది.

ఒక పొద్దున కౌసర్ చాంద్‌బీ వేళ్లు చూసి ఉలిక్కిపడింది. ఎర్రగా కమిలి, వాచి ఉన్నాయి.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏముందిలే. మధ్యాహ్నాలు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతున్నా. కాస్త మంట."

"ఈ వయసులోనా?"

"ఇల్లు గడవాలిగా తల్లీ."

ఆ పూటంతా కౌసర్‌కు అదే ధ్యాస. ఇక్కడ జీతం వస్తుంటేనే ఈమె బతుకిలా ఉంది. అదీ లేకుండా చెయ్యబోతున్నది తను. అదీ ఆమె చేతే అన్నీ చెప్పించుకుని! డైరీ తీసుకెళ్లి బీరువాలో చీరల అడుగున పడేసింది. మాన్పించే మాటే తలపెట్టకూడదనుకుంది.

మర్నాడు మాలిక్ చేతికి గడియారం లేకుండా ఇంటికొచ్చాడు. డైరీ మళ్లీ బయటికొచ్చింది.

నెలాఖరున చాంద్‌బీ పొయ్యి దగ్గరికే రాలేదు. పీట వాల్చుకుని గోడకు ఆనుకుంది. కౌసర్ ఒక్కతే గోంగూర పప్పు చేసి, గరిటెతో కాస్త ఆమె అరచేతిలో వేసింది.

చాంద్‌బీ నాలిక్కి రాసుకుని చప్పరించింది. తర్వాత "మా పెద్దామె, మీ అత్తమ్మ ఉంటే మురిసిపోయేది" అంది.

ఇక కౌసర్ ఆగలేకపోయింది. నేల మీద కూలబడి ఆమె మోకాళ్లు పట్టుకుంది.

"నీకు అబద్ధం చెప్పా పెద్దమ్మా. నిఖా లేదు, ఏమీ లేదు. నిన్ను మాన్పించడానికే ఇదంతా నేర్చుకున్నా. ఒకటో తారీకు నుంచి మేం నీకు జీతం ఇవ్వలేం. నన్ను తిట్టు."

చాంద్‌బీ కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"జీతం ఇవ్వలేనని అబ్బాయి నాకు మూడు నెలల కిందటే చెప్పాడమ్మా, నీకు వంటొచ్చిందాకా ఊరికే వచ్చిపోతానని నేనే అన్నా."