గుట్టదేవతల పూజనాడు

చలికాలం ముంగిట గుట్టదేవతలకు ఎద్దును బలిచ్చే రోజది. ఆ రోజు పరాయివాళ్ళెవరూ గడప తొక్కకూడదు.

గున్‌వోర్ తన గొర్రెతోలు కోటు విప్పి కోడలి భుజాలమీద కప్పింది. రొట్టె కూడా మూటగట్టి ఇచ్చింది. “కట్టెలు నిదానంగా ఏరుకురా తల్లీ, తొందరేం లేదు.”

ఏడేళ్ళ కాపురంలో అత్త ఇంత మెత్తగా మాట్లాడటం ఇదే మొదలు. యోరున్ పొంగిపోతూ అడవికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి తలుపు గడియపెట్టి ఉంది.

“అత్తయ్యా, చేతులు కొంకర్లు పోతున్నాయి. తియ్యండి!”

“పూజ మొదలైంది. పరాయివాళ్ళను రానివ్వం.”

“నేను పరాయిదాన్నా? మీ కోడల్ని!”

“నిన్నటిదాకా. పొద్దున ఓడ తిరిగొచ్చింది. మావాడు సముద్రంలో మునిగిపోయాడట. కట్టెలక్కడ దించు. రొట్టె దారిలో తిను.”