టాపు లేని కారు

బావ పోయి నెల తిరక్కముందే దస్తావేజుల లేఖరి కన్ను షెడ్డులోని కారు మీద పడింది. నిజానికి ఆ కన్ను అక్కణ్ణుంచి ఎప్పుడూ కదల్లేదు. అరవైల నాటి విదేశీ కారు. మీట నొక్కితే టాపు ముడుచుకుని వెనక్కి పోతుంది. మెత్తటి తోలు సీట్లు, దంతం రంగు స్టీరింగు. అలాంటి అందగత్తెకి బావ తన చేత్తోనే నీలం రంగు పులిమి, పందొమ్మిదేళ్లుగా షెడ్డులో పెట్టి తాళం వేశాడు. రసికత లేని మనిషి!

లేఖరి దగ్గర పాత స్టాంపు కాగితాలకు కొదవలేదు. ఇరవై ఏళ్ల నాటిది ఒకటి తీసి, బావ ఆనాడే కారు తనకు అమ్మేసినట్టు రాసి, కింద బావ సంతకం గిలికాడు.

అక్క ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూసింది.

"అప్పుడే అమ్మేశారా? నాతో మాటమాత్రం అనలేదురా."

"బావ సంగతి తెలిసిందేగా అక్కా, పెదవి విప్పరు. షెడ్డు లేక నేనే ఇక్కడ ఉంచాను."

"అయితే నీదేలే, తీసుకెళ్లు." తాళంచెవి ఇచ్చి, టీ కూడా పెట్టింది.

ఇంత అమాయకురాలిని మోసం చేయడం తన స్థాయికి తక్కువేమో అనిపించింది లేఖరికి.

నీలం గీకిస్తే కింద నిగనిగలాడే ఎరుపు. డిక్కీ మీద లప్పంతో పూడ్చిన గుండ్రటి కన్నం బయటపడితే అతుకు వేయించాడు. మెడకు సిల్కు రుమాలు చుట్టి, పాత కార్ల ప్రదర్శనలో బహుమతి కొట్టి, పేపర్లో ఫొటో వేయించుకున్నాడు.

మర్నాడు అక్కకు కారు చూపించి మురిసిపోతుంటే ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు.

"కారు మీదేనా?"

"ఇరవై ఏళ్లుగా!" లేఖరి దర్జాగా కాగితం తీశాడు.

"మంచిది. పందొమ్మిదేళ్ల కిందట నగల దుకాణం దోచినవాడు ఇందులోనే పారిపోయాడు. కాపలావాడు పేల్చిన గుండు డిక్కీకి తగిలింది. ఎర్ర కారు కోసం ఎక్కని గడప లేదు. ఎక్కండి జీపు."

"అయ్యో, అది దొంగ కాగితం సార్! నేనే రాశాను! దోచింది బావే అయ్యుంటాడు, రంగు పూసిందీ ఆయనే! అక్కా, ఆ సంతకం బావది కాదని నువ్వైనా చెప్పవే!"

అక్క లోపలికి వెళ్లి శాలువా తెచ్చింది. స్టేషన్లో చలిగా ఉంటుందని తమ్ముడి భుజాల చుట్టూ కప్పింది. తర్వాత కాగితం అందుకుంది. ఈసారి కళ్లజోడు అక్కర్లేకపోయింది.

"మా ఆయన సంతకమేనండీ. ముప్పై ఏళ్లు కాపురం చేశాను, ఆయన చేసినవేవో చేయనివేవో నేనెరగనా?"