గురువయ్య ఒట్టు

"సూది మానెయ్యమంటివి. ఇప్పుడు నువ్వే ఏసుకొమ్మని చెప్పు, గురువయ్యా!"

విలేకరుల వెనకనుంచి లాలు అరిచాడు. కెమెరాలన్నీ అతని వైపు తిరిగాయి. గురువయ్య మాట విని ఇన్సులిన్ సూదులు మానేసిన షుగర్ రోగులు ఇద్దరు చనిపోయారని పేపర్లో పడేసరికి, భద్రాచలం దారిలో అడవి పక్కనున్న ఆశ్రమానికి గురువయ్యే విలేకరులను పిలిపించాడు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు గురువయ్య నెమ్మదిగా.

"నా బిడ్డ సంగీతకు చిన్నప్పటిసంది షుగర్. డిగ్రీ చదువుతాంది. నీ మాట విని సూది మానేసి మూడు రోజులాయె. కక్కుతాంది, ఆయాసపడ్తాంది. దవాఖానకు పోదామంటే పురుగుల మందు తాగుతనంటది. 108 వచ్చినా ఎక్కలే. నీ మాటొక్కటే వింటది."

ఒక భక్తుడు లాలు మెడ మీద చెయ్యి వేశాడు. గురువయ్య వారించాడు.

"అననియ్యండి. కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు. నామీద రాసినోళ్లు గూడ నా బిడ్డలే."

లాలుకు ఒళ్లు మండింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ! ఈ తియ్యటి మాటలకే కదా పిల్ల పడిపోయింది.

అంతలో గురువయ్య ఆసనం దిగి వచ్చి లాలు చేతులు పట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"ఫోన్ తియ్యి. వీడియో తీస్కో."

లాలు ఫోన్ తీసి వీడియో ఆన్ చేశాడు.

"సంగీతా, తల్లీ! మందులు మానమని నేనెప్పుడూ అనలే. ఇప్పుడే సూది ఏసుకో. నాన్న ఎంబడి దవాఖానకు పో. నా మీద ఒట్టు!"

మండపమంతా చప్పట్లు. లాలు భోరున ఏడ్చాడు. మూడు రోజులుగా శాపనార్థాలు పెట్టిన నోటితోనే "నువ్వు దేవుడివయ్యా" అంటూ కాళ్ల మీద పడ్డాడు.

వీడియో పంపుదామంటే తండాలో నెట్ రాదు. వైరా దగ్గరున్న ఆ తండాకు బైకు ఎట్లా తోలాడో అతనికే తెలియదు. దారిలోనే 108కు ఫోన్ చేశాడు. ఇంట్లో భార్య హేమ్లి పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల పెదాలు ఎండిపోయాయి.

"జల్దీ చూడు బిడ్డా! మీ గురువయ్యే చెప్తాండు!"

సంగీత వీడియో మొత్తం చూసింది. ఒట్టు వేసిన దగ్గర రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. హమ్మయ్య అనుకుని హేమ్లి పరుగున సూది తెచ్చింది. బయట 108 మోత దగ్గరికి వచ్చింది.

సంగీత నవ్వుతూ తల్లి చేతిని పక్కకు నెట్టేసింది.

"కెమెరా ముందు ఏం చెప్పినా నమ్మొద్దని గురువయ్య ముందే చెప్పిండు, నాన్నా."